రాతి పొరల్లో సూక్ష్మజీవుల పాత్రను గుర్తించి రుజువు చేసుకోవడం ఎలా?

అవక్షేప శిలలను పాఠ్యపుస్తకాలు సాధారణంగా మూడు తరగతులుగా విభజిస్తాయి: నీరో గాలో మోసుకొచ్చిన రేణువులు పేరుకుని గట్టిపడినవి, నీటిలో కరిగివున్న లవణాలు ఘనరూపంలోకి మారి అడుగున చేరినవి, జీవుల గుల్లలతోనూ అవశేషాలతోనూ ఏర్పడినవి. ఈ విభజన చదువుకోవడానికి అనువుగానే ఉంటుంది గానీ, బాక్టీరియా, ఆర్కియా వంటి సూక్ష్మజీవుల పని అందులో ఏ ఒక్క గడిలోనూ ఇమడదు. అవి ఇసుక రేణువులను జిగురుతో పట్టి ఉంచుతాయి, నీటి రసాయన స్థితిని మార్చి కాల్షియం కార్బొనేట్‌ను గడ్డకట్టిస్తాయి, మరోచోట గట్టి ఖనిజాన్నే కరిగించి లోహాన్ని నీటిలోకి వదులుతాయి; ఇంత పని చేసి కూడా తమ శరీరాన్ని శిలాజంగా మిగల్చడం మాత్రం అరుదు. అందువల్ల ఒక రాతిని చూసి "ఇది సూక్ష్మజీవుల పని" అనడం తేలిక, ఆ మాటను నిలబెట్టుకోవడం కష్టం. ఈ మార్గదర్శి ఆ కష్టమైన పనికి సంబంధించినది. చేతి భూతద్దంతో చేయగలిగిన పరిశీలనలతో మొదలుపెట్టి, ప్రయోగశాలకు నమూనాలను పంపే దశ వరకు ఇందులో వరుసగా వివరించాను.

మొదటి మెట్టు: ఏ రసాయన చర్య కోసం వెతుకుతున్నారో ముందే నిర్ణయించుకోండి

సూక్ష్మజీవుల వల్ల ఖనిజాలు ఏర్పడే తీరు రెండు విధాలు. అయస్కాంత క్షేత్రాన్ని అనుసరించి కదిలే మాగ్నెటోటాక్టిక్ బాక్టీరియా తమ కణం లోపలి సూక్ష్మమైన తిత్తులలో, సుమారు 35 నుంచి 120 నానోమీటర్ల మాగ్నెటైట్ స్ఫటికాలను తయారుచేసి గొలుసుగా పేర్చుకుంటాయి. స్ఫటికం పరిమాణమూ ఆకారమూ పూర్తిగా కణం అదుపులోనే ఉంటాయి కాబట్టి దీన్ని జీవనియంత్రిత ఖనిజీకరణం అంటారు. శిలల్లో మనకు ఎదురయ్యేవాటిలో అధికభాగం ఈ కోవకు చెందవు. అక్కడ కణం తన బతుకు తాను బతుకుతూ ఉంటుంది, అది తీసుకునేవాటి వల్లా వదిలేవాటి వల్లా చుట్టూ ఉన్న నీటి స్థితి మారుతుంది, ఆ మార్పు ఫలితంగా ఖనిజం ఏర్పడుతుంది. దీనికి జీవప్రేరిత ఖనిజీకరణం అని పేరు. ఇలా పుట్టిన ఖనిజం జీవుల ప్రమేయం లేకుండా పుట్టిన అదే ఖనిజానికి అచ్చంగా సరిపోలవచ్చు. మన చిక్కంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

గుర్తుంచుకోవలసిన చర్యలు కొన్నే. సయనోబాక్టీరియా కిరణజన్య సంయోగక్రియ కోసం నీటి నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను, బైకార్బొనేట్‌ను లాక్కున్నప్పుడు చుట్టూ ఉన్న నీటి పీహెచ్ పెరిగి, కాల్షియం కార్బొనేట్ ఘనరూపంలోకి మారడానికి అనువైన పరిస్థితి ఏర్పడుతుంది. ప్రాణవాయువు లేని బురదలో సల్ఫేట్‌ను క్షయకరించే బాక్టీరియా, ఒక్కో సల్ఫేట్ అయానుకు ఒక హైడ్రోజన్ సల్ఫైడ్ అణువును, రెండు బైకార్బొనేట్ అయాన్లను విడుదల చేస్తాయి; సల్ఫైడ్ ఇనుముతో కలిసి చివరకు పైరైట్ అవుతుంది, బైకార్బొనేట్ కార్బొనేట్ ఖనిజాలకు దారితీస్తుంది. అంటే ఒకే జీవక్రియ రెండు వేర్వేరు ఖనిజాలను ఒకే పొరలో మిగల్చగలదు. వీటికి తోడు, కణాలు స్రవించే బహుచక్కెరల జిగురు మొదట కాల్షియం అయాన్లను తనలో బంధించి ఖనిజం ఏర్పడకుండా ఆపుతుంది. ఆ జిగురును ఇతర బాక్టీరియా కుళ్లబెట్టినప్పుడు ఆ కాల్షియం విడుదలై ఖనిజంగా మారుతుంది. చాలా జీవపొరల్లో, అంటే సూక్ష్మజీవులు తమ జిగురుతో కట్టుకున్న చాపల్లాంటి పొరల్లో, సున్నపు పొర పైభాగాన కాకుండా కాస్త లోపల గట్టిపడటానికి ఇది ఒక కారణం.

బురదలో లోతుకు వెళ్లేకొద్దీ ఈ చర్యలు ఒక క్రమంలో వస్తాయి: ముందు ప్రాణవాయువు ఖర్చవుతుంది, తర్వాత నైట్రేట్, మాంగనీస్, ఇనుము, సల్ఫేట్, అన్నీ అయిపోయాక మీథేన్ ఉత్పత్తి మొదలవుతుంది. ఈ వరుసను కంఠస్థం చేయండి. తర్వాతి మెట్లలో ప్రతిచోటా ఇది అవసరమవుతుంది.

రెండో మెట్టు: ఒక గాజు సీసాలో ఆ క్రమాన్ని కళ్లారా చూడండి

రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 19వ శతాబ్దం చివరలో రూపొందించిన స్తంభ ప్రయోగాన్ని ఎవరైనా చేయవచ్చు. ఒక లీటరో రెండు లీటర్లో పట్టే పొడవైన పారదర్శక సీసా తీసుకోండి. చెరువు అడుగునో ఉప్పుకయ్య అంచునో దొరికే నల్లటి బురదలో చిన్నచిన్న ముక్కలు చేసిన వార్తాపత్రిక కాగితాన్ని, ఒక చెంచా జిప్సం పొడిని, ఒక చెంచా గుడ్డుపెంకు పొడిని కలిపి సీసాలో నాలుగో వంతు వరకు నింపండి. కాగితం కార్బన్‌ను, జిప్సం సల్ఫేట్‌ను, గుడ్డుపెంకు కార్బొనేట్‌ను అందిస్తాయి. దాని మీద ఏమీ కలపని బురదను, ఆపైన అదే చోటి నీటిని పోసి, పైన కొంత ఖాళీ వదిలి, మూతను వదులుగా పెట్టండి. వాయువులు పుడతాయి కాబట్టి బిగించకూడదు. వెలుతురు వచ్చే కిటికీ దగ్గర, గాలి ఆడే గదిలో, కదపకుండా కొన్ని వారాలు ఉంచండి. బురదను ముట్టేటప్పుడు చేతి తొడుగులు వాడండి; కుళ్లిన గుడ్డు వాసన ఘాటుగా వస్తే సీసాను ఆరుబయట ఉంచండి.

మొదట అడుగుభాగం నల్లబడుతుంది. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్, పైరైట్‌కు పూర్వరూపం. తర్వాత గాజును ఆనుకుని ఆకుపచ్చ, ఊదా రంగుల గంధక బాక్టీరియా మచ్చలు, పైభాగాన తుప్పు రంగు పట్టీ, అన్నిటికన్నా మీద సయనోబాక్టీరియా, శైవలాల పచ్చదనం కనిపిస్తాయి. నల్లటి బురదను కాస్త తీసి తెల్ల పింగాణీ పలక మీద గాలికి ఆరనివ్వండి. సల్ఫైడ్ ఆక్సీకరణం చెంది నలుపు క్రమంగా గోధుమ రంగులోకి దిగిపోతుంది. శిలల్లో నల్లని షేల్ (సన్నటి బురద గట్టిపడిన పొరల రాయి) ఉపరితలం మీద తుప్పు చారలు ఎందుకు ఉంటాయో వివరించడానికి ఇంతకంటే సూటి మార్గం నాకు తెలియదు.

మూడో మెట్టు: రాయి కంటే ముందు దాని పరిసరాన్ని నమోదు చేయండి

నమూనాను కొట్టే ముందు, పొరలు ఏ దిశలో ఎంత వాలుగా ఉన్నాయో, ఏది పైవైపో, కిందా మీదా ఏ శిలలున్నాయో రాసుకోవాలి. అలల గుర్తులు, ఎండి పగిలిన బురద నెర్రెలు, ఉప్పు స్ఫటికాల అచ్చులు లోతు తక్కువ నీటిని సూచిస్తాయి. వెలుతురు మీద ఆధారపడిన జీవపొరలకు అది తగిన చోటు. శిల ఎంత వేడికి, ఎంత ఒత్తిడికి గురైందన్నది ఇంకా ముఖ్యం. ఇప్పటివరకు ప్రయోగశాలలో సూక్ష్మజీవులు పెరిగిన అత్యధిక ఉష్ణోగ్రత 122 డిగ్రీల సెల్సియస్. అంతకు మించిన వేడిలో ఏర్పడిందని తేలిన ఖనిజానికి సూక్ష్మజీవులను కారణంగా చూపడం కుదరదు. గట్టిగా రూపాంతరం చెందిన శిలలో ఆకారాలు సాగి, మడతపడి, అసలు లేని నిర్మాణాలు పుట్టుకొస్తాయి కూడా.

నాలుగో మెట్టు: స్ట్రోమటోలైట్ పొరలను కొలవండి

స్ట్రోమటోలైట్లు అంటే జీవపొరలు రేణువులను పట్టుకుని, ఖనిజాన్ని గడ్డకట్టిస్తూ, ఒకదాని మీద ఒకటిగా పెరిగిన దిబ్బలు, స్తంభాలు, శంకువులు. ఎర్న్‌స్ట్ కాల్కోవ్‌స్కీ 1908లో జర్మనీలోని శిలలను వర్ణిస్తూ ఈ పేరు పెట్టాడు. ఇప్పటికీ పెరుగుతున్నవాటిలో పేరుపడ్డవి పశ్చిమ ఆస్ట్రేలియాలో షార్క్ బే ప్రాంతంలోని హామెలిన్ పూల్‌లో ఉన్నాయి. అక్కడి నీటి ఉప్పదనం మామూలు సముద్రానికి సుమారు రెట్టింపు కావడంతో, జీవపొరలను మేసే నత్తల వంటి జంతువులు తక్కువ. వాటి పెరుగుదల ఏడాదికి అర మిల్లీమీటరు కూడా ఉండదు.

గుమ్మటంలా ఉన్న ప్రతి పొరల రాయీ స్ట్రోమటోలైట్ కాదు కాబట్టి, గుమ్మటాన్ని నిలువుగా కోసిన ముఖం మీద రెండు కొలతలు తీసుకోవాలి. మొదటిది పొర మందం. నీటిలోంచి రాలిన మట్టి ఒక గుట్టను కప్పినప్పుడు శిఖరం మీద పలచగా, పల్లంలో మందంగా చేరుతుంది. జీవపొర వెలుతురు కోసం పైకి పెరిగినప్పుడు శిఖరం మీదే మందంగా ఉంటుంది. ఒకే పొరను శిఖరం నుంచి పక్కకు అనుసరిస్తూ, ఐదారు చోట్ల స్కేలుతో కొలిచి నిష్పత్తి రాసుకోండి. ఒక్క పొరతో సరిపెట్టకుండా కనీసం పది పొరలు కొలవాలి. రెండోది రేణువుల వాలు. వదులు ఇసుక సుమారు 30 నుంచి 35 డిగ్రీల కన్నా నిటారైన వాలు మీద నిలవదు, జారిపోతుంది. అరవై డిగ్రీల వాలున్న పక్కమీద కూడా ఇసుక రేణువులు పొరలో అంటుకుని కనిపిస్తే, అవి జారకముందే ఏదో జిగురు వాటిని పట్టిందని అర్థం. భూతద్దంతో ఆ పక్కభాగాన్ని ఓపికగా వెతకండి. పాలరాతి గీతల్లాంటి నున్నని పొరల మధ్య ఒకటి రెండు క్వార్ట్జ్ రేణువులు ఏటవాలుగా ఇరుక్కుని దొరికితే, శిఖరం మీద దొరికే వంద రేణువుల కంటే వాటి విలువ ఎక్కువ.

అయినా తొందరపడకూడదు. కేవలం రసాయన అవక్షేపణం, రేణువుల రాలుడు, ఉపరితల తన్యత కలిస్తే చాలు, స్ట్రోమటోలైట్‌ను పోలిన ఆకారాలు వస్తాయని జాన్ గ్రాట్జింగర్, డేనియల్ రోత్‌మన్ 1996లో గణిత నమూనాతో చూపారు. అప్పటి నుంచి ఆకారం ఒక్కటే సరిపోదన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే నియమం. పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్ట్రెల్లీ పూల్ శిలల విషయంలో అబిగైల్ ఆల్‌వుడ్ బృందం 2006లో నెగ్గిన పద్ధతి గమనించదగ్గది. ఆ శిలల వయసు సుమారు 343 కోట్ల సంవత్సరాలు. అక్కడ ఏడు రకాల స్ట్రోమటోలైట్ ఆకారాలున్నాయనీ, పురాతన తీరంలో పరిసరం మారినచోటల్లా ఆకారమూ మారిందనీ పటం గీసి చూపారు. ఒక రాతిముక్కను పట్టుకుని వాదించకుండా, కిలోమీటర్ల పొడవునా ఆకారానికీ పరిసరానికీ ఉన్న సంబంధాన్ని చూపడమే వారి బలం.

ఐదో మెట్టు: ఇసుకరాతి మీద ముడతలు, నెర్రెలు వెతకండి

సున్నపురాయి లేనిచోట జీవపొరలు దిబ్బలు కట్టవు, కానీ ఇసుకను చాపలా కప్పుతాయి. పొర ఉపరితలం మీద మిల్లీమీటరు స్థాయి ముడతలు, అంచు చుట్టుకుపోయిన ఇసుక చాపముక్కలు, సగం చెరిగి సగం చెక్కుచెదరని అలల గుర్తులు ఇందుకు ఆనవాళ్లు. అన్నిటికంటే నమ్మదగింది శుద్ధమైన ఇసుకలో కనిపించే నెర్రె. బంకమట్టి ఎండితే పగులుతుంది, ఎందుకంటే దాని రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ముడుచుకుంటాయి. ఇసుకకు ఆ పట్టు లేదు. బంకమట్టి లేని ఇసుకరాతిలో ముడుచుకున్న నెర్రెలుంటే, ఒకప్పుడు ఆ ఇసుకను పట్టి ఉంచిన జిగురు చాప ఉందని ఊహించడం సబబు. పొరను థిన్ సెక్షన్‌లో, అంటే వెలుతురు సాగేంత పలచగా అరగదీసిన రాతి ముక్కలో, సూక్ష్మదర్శినితో చూసి బంకమట్టి లేదని ధ్రువపరచుకున్నాకే ఈ మాట రాయాలి.

ఆరో మెట్టు: ఆమ్లంతో, భూతద్దంతో గుండ్రని గడ్డలను పరీక్షించండి

పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్ ఖనిజం) గట్టిగా పొంగుతుంది. డోలమైట్ (కాల్షియం, మెగ్నీషియం కలిసిన కార్బొనేట్) పొడి చేస్తే గానీ స్పష్టంగా పొంగదు. కళ్లద్దాలు, తొడుగులు లేకుండా ఈ పరీక్ష చేయకూడదు. డోలమైట్ దొరికితే దాన్ని ప్రత్యేకంగా గుర్తించండి, ఎందుకంటే అదొక పాత చిక్కుముడి. సముద్రపు నీటిలో డోలమైట్ ఏర్పడటానికి కావలసినంత మెగ్నీషియం, కాల్షియం ఉన్నా అది ఏర్పడదు. లింటన్ లాండ్ 25 డిగ్రీల వద్ద, వెయ్యి రెట్లు అతిసంతృప్తమైన ద్రావణాన్ని 32 ఏళ్లు ఉంచినా డోలమైట్ రాలేదని 1998లో ప్రచురించాడు. బ్రెజిల్‌లోని లగోవా వెర్మెల్యా ఉప్పుకయ్య నుంచి సేకరించిన సల్ఫేట్ క్షయకరణ బాక్టీరియాతో క్రిసోగోనో వాస్కోన్‌సెలోస్, జూడిత్ మెకెంజీల బృందం 1995లో అదే ఖనిజాన్ని తక్కువ ఉష్ణోగ్రతలో రాబట్టింది. ఇంతమాత్రాన పురాతన డోలమైట్ గుట్టలన్నీ బాక్టీరియా పనేనని అనుకోకూడదు. వాటిలో చాలాభాగం సున్నపురాయి పూడుకుపోయిన తర్వాత మెగ్నీషియం ద్రావణాలు పారి మారినవే.

షేల్ పొరల్లో గుండ్రని కార్బొనేట్ గడ్డలు దొరికితే, చుట్టూ ఉన్న సన్నపొరలు గడ్డ లోపలికి ఎలా సాగుతున్నాయో చూడండి. గడ్డ లోపల పొరల మధ్య దూరం ఎక్కువగా, వెలుపల తక్కువగా ఉండి, పొరలు గడ్డ చుట్టూ వంగితే, మట్టి బరువుకు అణగకముందే గడ్డ గట్టిపడిందన్నమాట. అంటే అది బురద మెత్తగా ఉన్నప్పటి, సూక్ష్మజీవులు చురుకుగా ఉన్నప్పటి ఖనిజం. లోపలి దూరాన్ని బయటి దూరంతో భాగిస్తే మట్టి ఎంత అణిగిందో అంచనా దొరుకుతుంది.

ఏడో మెట్టు: సూక్ష్మదర్శిని కింద పైరైట్ గుత్తులను లెక్కించండి

మెరుగుపెట్టిన నమూనాలో పైరైట్ తరచూ అతి చిన్న స్ఫటికాలు గుత్తిగా చేరిన గుండ్రని ముద్దలుగా కనిపిస్తుంది. వీటిని ఫ్రాంబాయిడ్లు అంటారు. చాలామంది వీటిని చూడగానే బాక్టీరియా సమూహాలని రాసేస్తారు. అది సరికాదు, ఎందుకంటే జీవులు లేకుండానే వీటిని ప్రయోగశాలలో తయారుచేశారు. ఫ్రాంబాయిడ్ల అసలు ఉపయోగం వేరు. నల్ల సముద్రంలో లాగా నీటిలోనే హైడ్రోజన్ సల్ఫైడ్ నిండి ఉంటే ఫ్రాంబాయిడ్లు నీటిలోనే పుట్టి, పెరగకముందే మునిగిపోతాయి కాబట్టి సుమారు 5 మైక్రోమీటర్ల చుట్టూ, దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. పైనీటిలో ప్రాణవాయువు ఉండి, సల్ఫైడ్ బురదకే పరిమితమైతే అవి పెద్దవిగా, రకరకాల పరిమాణాల్లో ఉంటాయి. కనీసం వంద ఫ్రాంబాయిడ్ల వ్యాసం కొలిచి పట్టిక వేస్తే ఆ పురాతన సముద్రపు నీటి స్థితి గురించి చెప్పడానికి ఆధారం దొరుకుతుంది.

కణాల శిలాజాలు కావాలంటే చెర్ట్‌లో, అంటే సిలికాతో ఏర్పడిన గట్టి రాతిలో, వెతకాలి. సిలికా తొందరగా గట్టిపడి కణాన్ని కుళ్లకముందే బంధిస్తుంది. స్టాన్లీ టైలర్, ఎల్సో బార్గోర్న్ 1954లో వెలుగులోకి తెచ్చిన గన్‌ఫ్లింట్ శిలలు దీనికి మంచి ఉదాహరణ. కెనడాలోని ఈ శిలల వయసు సుమారు 188 కోట్ల సంవత్సరాలు. దారాల ఆకారం ఉందని కణమని ఒప్పుకోవద్దు: బేరియం కార్బొనేట్, సిలికా క్షార ద్రావణంలో కలిస్తే జీవులతో పని లేకుండానే మెలితిరిగిన దారాలు పెరుగుతాయి.

ఎనిమిదో మెట్టు: ఐసోటోపు విశ్లేషణను సరైన ప్రశ్నతో పంపండి

ప్రయోగశాలకు నమూనా పంపేటప్పుడు ఏ ఖనిజాన్ని, ఏ పొర నుంచి, ఎందుకు పంపుతున్నారో రాయాలి. ఐసోటోపులంటే ఒకే మూలకపు తేలిక, బరువు రకాలు; ప్రామాణిక నమూనాతో పోల్చి బరువు రకం ఎంత తక్కువో ఎక్కువో వెయ్యింట భాగాల్లో చెబుతారు, మైనస్ విలువ అంటే తేలిక రకం ఎక్కువని. సల్ఫేట్ క్షయకరణం నుంచి వచ్చిన బైకార్బొనేట్‌తో ఏర్పడిన గడ్డల్లో కార్బన్-13 విలువ సుమారు మైనస్ 25 సహస్రాంశాల దిశగా జరుగుతుంది; మీథేన్ తయారయ్యే లోతులో ఏర్పడినవి ధనాత్మకంగా మారతాయి; మీథేన్‌నే ఆక్సీకరించే ఆర్కియా, సల్ఫేట్ బాక్టీరియాల జంట పనిచేసిన చోట మైనస్ 40 కంటే కిందికి కూడా పడిపోతుంది. చివరిది చాలా బలమైన ఆధారం, ఎందుకంటే అంత తేలిక కార్బన్ కార్బొనేట్‌లోకి రావడానికి మరో దారి దాదాపు లేదు. పైరైట్‌లో గంధకపు ఐసోటోపులు తేలిక వైపు బాగా జరిగి, ఒక రేణువుకూ మరో రేణువుకూ విస్తారంగా మారుతుంటే అది సూక్ష్మజీవుల క్షయకరణానికి అనుకూలం. వందకు పైబడిన డిగ్రీల వేడిలో, జీవులు లేకుండా జరిగే సల్ఫేట్ క్షయకరణంలో ఆ తేడా తక్కువగా ఉంటుంది.

తొమ్మిదో మెట్టు: మీ నిర్ణయాన్ని మీరే పడగొట్టడానికి ప్రయత్నించండి

ఈ మెట్టు దాటవేసినందువల్ల వచ్చిన వివాదాలు ఈ రంగంలో తక్కువేమీ కాదు. ఆస్ట్రేలియాలోని ఏపెక్స్ చెర్ట్‌లో విలియం షాఫ్ 1993లో ప్రకటించిన సూక్ష్మశిలాజాలను, 2002లో మార్టిన్ బ్రేసియర్ బృందం వేడినీటి సిరలో ఏర్పడిన కార్బన్ ఆకారాలుగా వ్యాఖ్యానించింది. గ్రీన్‌లాండ్‌లోని ఇసువాలో, 370 కోట్ల సంవత్సరాల శిలల్లో స్ట్రోమటోలైట్లు ఉన్నాయని 2016లో ప్రకటన వచ్చింది. ఆ ముఖాన్ని కోసి మూడు కొలతల్లో చూసిన ఆల్‌వుడ్ బృందం, అవి శంకువులు కావనీ, శిల నలిగిన దిశలో సాగిన పొడవాటి గట్లనీ 2018లో రాసింది. ఈ రెండో ఉదాహరణ నుంచి నేర్చుకోవలసింది సూటిగా ఉంది: ఒక్క తలం మీద చూసిన శంకువును నమ్మవద్దు, దానికి లంబంగా మరో కోత కోయండి.

మీ ఆధారాల పక్కన, ప్రతి ఆధారానికీ జీవులు లేని వివరణ ఏదైనా ఉందా అన్న గడి పెట్టుకుని నింపండి. ఆకారం, పరిసరం, ఖనిజం, ఐసోటోపు, ఈ నాలుగూ వేర్వేరు దారుల్లో ఒకే మాట చెబితే తప్ప "సూక్ష్మజీవుల వల్ల" అని రాయకుండా, "సూక్ష్మజీవుల ప్రమేయానికి అనుకూలంగా" అని రాయడం మేలు.

పదో మెట్టు: ముడి ఖనిజ నిక్షేపాలకు ఇదే వివేచనను వర్తింపజేయండి

ఇనుప ఖనిజం, సిలికా పట్టీలు పట్టీలుగా పేరుకున్న పట్టీల ఇనుపరాళ్లు భూమి మీది ఇనుపఖనిజానికి ప్రధాన మూలం. వీటిలో చాలాభాగం సుమారు 250 కోట్ల సంవత్సరాల కిందటివి, ఆస్ట్రేలియాలోని హామర్స్‌లీ నిక్షేపాలు అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. సముద్రంలో కరిగిన ఇనుమును సయనోబాక్టీరియా వదిలిన ప్రాణవాయువు తుప్పుపట్టించి ఉండవచ్చు. లేదా వెలుతురుతో నేరుగా ఇనుమును ఆక్సీకరించే బాక్టీరియా ఆ పని చేసి ఉండవచ్చు. రెండో రకాన్ని ఫ్రీడ్రిష్ విడ్డెల్ బృందం 1993లో కనుగొనేదాకా అలాంటి జీవి ఉందని ఎవరికీ తెలియదు. పట్టీ ఆకారాన్ని చూసి ఈ రెండు దారుల్లో ఒకటి ఎంచుకోలేమన్నది నా అభిప్రాయం.

నమీబియా తీరంలోని థియోమార్గరీటా నమీబియెన్సిస్ అనే బాక్టీరియా కణం 0.75 మిల్లీమీటర్ల దాకా ఉండి కంటికే కనిపిస్తుంది. అది దాచుకున్న ఫాస్ఫేట్‌ను ప్రాణవాయువు లేనప్పుడు బురదలోకి వదలడం వల్ల అక్కడ అపటైట్ అనే ఫాస్ఫేట్ ఖనిజం ఏర్పడుతోందని 2005లో తేలింది. ఉప్పు గుమ్మటాల నెత్తిన ఉండే గంధక నిక్షేపాలు, ఇసుకరాళ్లలో భూగర్భజలం మోసుకొచ్చిన యురేనియం ఘనరూపంలో నిలిచిపోయిన అంచులు కూడా ఇదే పద్ధతిలో పరిశీలించదగినవి.

కరిగించే పని మరో ఎత్తు. ఆమ్లపు నీటిలో ఫెర్రస్ ఇనుము దానంతటదే ఆక్సీకరించడం చాలా నెమ్మది. అసిడిథియోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ వంటి బాక్టీరియా ఆ వేగాన్ని పది లక్షల రెట్ల వరకు పెంచగలవని ఫిలిప్ సింగర్, వెర్నర్ స్టమ్ 1970లో చూపారు. అలా పుట్టిన ఫెర్రిక్ ఇనుము పైరైట్‌ను, రాగి సల్ఫైడ్లను తింటూ పోతుంది. నేల పైపొరలో కరిగిన రాగి భూగర్భజల మట్టం కిందికి దిగి మళ్లీ సల్ఫైడ్‌గా చేరితే, పైన తుప్పురంగు టోపీ, కింద గాఢమైన రాగి పొర మిగులుతాయి. ఇలాంటి చోట నమూనా తీసేటప్పుడు పై టోపీని ఒక సంచిలో, మధ్య కరిగిన మండలాన్ని ఒక సంచిలో, కింది గాఢ పొరను మరో సంచిలో వేరుగా ఉంచి, ప్రతి సంచి మీద లోతును, పైవైపు బాణం గుర్తును రాయండి. కోయని సగం ముక్కను ఎప్పటికీ భద్రంగా పక్కన పెట్టండి, తర్వాత వచ్చే అభ్యంతరానికి సమాధానం అందులోనే వెతకవలసి ఉంటుంది.